గొలుసు గది

చెల్లెలి కూతురు కుప్పంలో కంప్యూటర్ చదువు చదువుతోంది. స్నేహితులతో కలిసి ఫోనులో ఆడే ఆట ఒకటి తయారుచేసింది. అందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. "నువ్వు కోటలో ఉన్నావు. ఎదురుగా తలుపు ఉంది" అని వస్తుంది. ఏం చేస్తామో మనం రాస్తే అది జరుగుతుంది. అదే కోటలో వేరేవాళ్లూ తిరుగుతుంటారు.

"పెద్దమ్మా, నువ్వు ఆడి సూసి, యాడ బాగుండాది, యాడ బాగలేదు సెప్పాల," అంది.

"నేనా? యాబై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని!"

"అందుకే. నీకు అర్థమైతే అందురికీ అర్థమైతాది."

లోపల సంతోషమే. చదవడం వచ్చాక కూడా నన్ను ఎవరూ ఏదీ చదివి చెప్పమని అడగలేదు.

పుంగనూరు నుంచి మదనపల్లె టమోటా మండీకి రోజూ బస్సులో పోతాను. కాయలు ఏరే పని. ఆ బస్సులోనే ఆడేదాన్ని. మూడో రోజు గొలుసు గది వచ్చింది. ఒకరు గొలుసు లాగి పట్టుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. వదిలితే మూసుకుంటుంది. లోపల ఐదుగురం ఉన్నాం.

గొలుసు నేనే పట్టుకున్నాను. మండీలో క్రేటు తలకెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వేయాలి. చివరామెకు ఎత్తడానికి ఎవరూ ఉండరు కాబట్టి, ముందు పోయినామె క్రేటు దించి తిరిగి వస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే అనుకున్నాను. నలుగురూ బయటికి పోయారు. కొంతసేపు గోడ అవతలి నుంచి వాళ్లు రాసుకునే మాటలు తెర మీద కనిపించాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

రెండు రోజులు ఏం రాసినా ఒకటే జవాబు: "నువ్వు గొలుసు పట్టుకొని ఉన్నావు." వదిలితే తలుపు మూత, పట్టుకుంటే కాలు కదలదు. కాయలు ఏరుతున్నా చెయ్యి ఆ గొలుసు మీదే ఉన్నట్టుండేది.

"ఏమ్మే, పండుకాయలు పచ్చివాట్లో ఏస్తాండావు, మనసు యాడ పెట్టినావు?" అంది పక్కామె.

"కోటలో ఇరుక్కున్నా."

"ఇంట్లో ఇరుక్కునింది సాలక కోట గూడానా!" అని నవ్వింది.

కుప్పానికి ఫోన్ చేశాను. "ఇంకొకరు వస్తే వాళ్ల చేతికి గొలుసిచ్చి నువ్వు పో పెద్దమ్మా. అదే ఆట," అంది పిల్ల.

మర్నాడు గదిలోకి కొత్తగా ఎవరో ఒకరు వచ్చారు. "ఈ గొలుసు కాస్త పట్టుకోండి. బయటికి పోయి తిరిగొస్తాను" అని రాశాను. మనసులో ఉన్నదే రాశాను. పట్టుకున్నారు. బయటపడగానే "వెనక్కి పో" అని రాశాను.

"ఈ దారిన వెనక్కి పోలేవు" అని వచ్చింది.

మళ్లీ రాశాను. మళ్లీ అదే. రెండు రోజులుగా నేను తిట్టుకున్న ఆ నలుగురూ ఇక్కడే నిలబడి ఇదే చదివి ఉంటారు.

"వెనక్కి దావ పెట్టు," అన్నాను పిల్లకు ఫోన్ చేసి.

"దావ పెడితే ఎవురూ ఇరుక్కోరు. ఇంక ఆట యాడుంటాది?"

"బాగలేంది సెప్పమన్నావు గదా. ముందుకొచ్చి చెయ్యేసినోళ్లనే మూసేస్తాది నీ ఆట. అది బాగలేదు."

"మావాళ్లతో మాట్లాడతాలే," అంది నీరసంగా.

మళ్లీ ఆట తెరిస్తే, గోడ లోపలి నుంచి గొలుసు పట్టుకున్నవాళ్ల మాట వచ్చింది: "వస్తున్నారా?"

ముందు పోయిన నలుగురూ ఆటలో తర్వాత వచ్చే రెండో కోటకు చేరిపోయారని తెర మీద ఉంది. నేను తలుపు దగ్గరే ఆగి, బస్సు కుదుపుల్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను: "రాలేను. కానీ ఎక్కడికీ పోలేదు."