మంచులో నెత్తిన చేతులు పెట్టుకున్న మనిషి

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. నా గొంతు పెద్దగా లేవదు, పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. మా ఊళ్ళో రాత్రిపూట చేలో నీళ్ళు పెట్టడానికి ఒంటరిగా వెళ్ళినదాన్ని. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, నిద్ర చాలలేదేమో పోయి పడుకోండి అనేదాన్ని. చదువు అయిదో తరగతితో ఆగింది గానీ, కంటితో చూసింది మాత్రం ఏళ్ళు గడిచినా మర్చిపోను. చూసింది చూసినట్టే చెబుతాను.

నేనుండేది సిడ్నీలో, బ్లాక్‌టౌన్ దగ్గర, మా తమ్ముడు శీను ఇంట్లో. వాడు ఇంజినీరు. వాడి భార్య సుధది కంప్యూటర్ ఉద్యోగం. శీనుకి ఈమధ్య కొండల్లో నడిచే పిచ్చి పట్టింది. మామూలు నడక కాదు. ఫోన్ చూడకుండా, మ్యాపూ కంపాసూ పట్టుకుని, దారి లేని చోట దారి వెతుక్కుంటూ పోవడం. అది నేర్పే వాళ్ళ గుంపులో కూడా చేరాడు.

వాడి కంపాస్ ఇక్కడిది కాదు. రాజమండ్రిలో స్థలం బేరమాడేటప్పుడు వాస్తు చూడటానికి కొన్నది. ఆ గుంపులో ఒక పెద్దాయన చెప్పాడట, మీ వైపు తయారైన కంపాస్‌లో ముల్లు ఇక్కడికొస్తే ఒక పక్కకి వాలి అడుగుని రాసుకుంటుంది, సరిగ్గా తిరగదు, ఇంకోటి కొనుక్కో అని. వీడు వింటేగా. ఉత్తరం ఎక్కడైనా ఉత్తరమే కదా అన్నాడు. ఇక్కడి ఇల్లు కూడా ఆ కంపాస్ పెట్టి చూసుకునే కొన్నాడు మరి.

అది చలికాలం. ఆ వారమంతా వాళ్ళ పిల్లలకి జ్వరాలు, నాకు కంటి మీద కునుకు లేదు. జ్వరాలు తగ్గాయి గానీ నా ఒళ్ళు హూనమైపోయింది. శనివారం బ్లూ మౌంటెన్స్ కొండలకి వెళ్దాం, గాలి మారుతుంది రా అక్కా అన్నాడు. పిల్లల్ని పక్కింటి ఆంటీకి అప్పజెప్పి, పులిహోర కట్టుకుని ముగ్గురం వెళ్ళాం. ఫోన్ ఉంటే కళ్ళు దాని మీదే ఉంటాయని మా ఇద్దరి ఫోన్లూ కార్లోనే పెట్టించాడు. వాడిది మాత్రం జేబులో ఉంది.

మధ్యాహ్నం తిండి అయ్యాక మంచు దిగింది. ఇక్కడి కొండల్లో మంచు చెప్పి రాదు. ఇంతలో ఉంటుంది, అంతలో చెట్లే ఉండవు. తడి బండ మీద శీను కాలు జారి కింద వాగులో పడ్డాడు. కాలు విరిగింది, ఫోన్ వాడి కింద పడి పగిలింది. బయటికి లాగేసరికి నిలువునా తడిసిపోయి వణుకుతున్నాడు. సుధ వాడి కాలు వైపు కూడా చూడలేదు. ఆ వణుకే చూస్తోంది. చీకటి పడేలోపు మనుషుల్ని తీసుకురాకపోతే ఈ తడి బట్టలతో రాత్రి గట్టెక్కడని ఆమెకి తెలుసు. నాకూ తెలిసింది.

నేను వాడి దగ్గర ఉంటానన్నాను. వద్దన్నాడు. మంచులో ఒక్కరే నడిస్తే గీత తప్పుతుంది, ఇద్దరుండాలి అన్నాడు. పడమరగా పోతే మట్టి రోడ్డు అడ్డం వస్తుంది, మంటలార్పే బండ్లు తిరిగేది, మన కారు దాని మీదే ఉంది. ఉత్తరానికి మాత్రం పోవద్దు, అటు కొండ అంచు. ఒకరు కంపాస్ పట్టుకుని నిలబడాలి, ఒకరు మంచులో కనిపించినంత దూరం ముందుకెళ్ళి ఆగాలి. కంపాస్ పట్టుకున్న మనిషి కుడికో ఎడమకో జరగమని చెప్పి, గీత మీదకి వచ్చాక అక్కడికి నడవాలి. మళ్ళీ మొదలు. పళ్ళు టకటకలాడుతుంటే ఇదంతా చెప్పాడు.

సుధకి వయసుంది, తుప్పల్లో దూరగలదు. అందుకని ముందుకెళ్ళడం ఆమె వంతు, కంపాస్ నా వంతు. మంచులో ఏ మొద్దును చూసినా మనిషిలాగే ఉంటుంది కదా, మీరు చెట్టుతో మాట్లాడేస్తారు వదినా, నేను రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నిలబడతాను, అది చూసి రండి అంది. నా శాలువా వాడికి కప్పి బయల్దేరాం.

మొదట బాగానే సాగింది. ముల్లు ఎర్రకొస ఎన్ అక్షరం మీదకి తెచ్చుకోవడం, పడమర అక్షరం వైపు చూడటం. సుధ నిలబడితే నేను వెళ్ళడం. కాళ్ళు లాగేస్తున్నాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. కాసేపటికి సుధ గీత తప్పి నిలబడటం మొదలుపెట్టింది. ఎప్పుడు చూసినా ఎడమకే. కుడికి జరగమని చెయ్యి ఊపాను. జరగలేదు. అరిచాను. అయినా జరగలేదు. నెత్తిన చేతులు పెట్టుకుని రాయిలా నిలబడింది. సరేలే, వాదించే ఓపిక నాకు లేదు, దాని దగ్గరికే నడిచాను. నేను చేరేలోపే ఇంకా ముందుకెళ్ళి నిలబడింది. మొగుడి కోసం తొందరలే అనుకున్నాను. అలా ఎన్నిసార్లో. కుడి అంటే ఎడమ. నాకు చిరాకేసింది, మనసులో తిట్టుకున్నాను కూడా.

అప్పుడు వెనక నుంచి ఎవరో నా భుజం పట్టుకున్నారు.

సుధ. మొహమంతా గీరుకుపోయి రొప్పుతోంది.

“ఎక్కడికి వెళ్ళిపోతున్నారు వదినా? నేను అక్కడే నిలబడి ఉన్నాను. అరిచి అరిచి గొంతు పోయింది.”

నేను ఎదురుగా చూపించాను. మంచులో, నెత్తిన రెండు చేతులూ పెట్టుకుని, సుధ అంత ఎత్తు ఆడమనిషి. బట్టల రంగు తెలియలేదు. మొహం తెలియలేదు. సుధ కూడా చూసింది. చూడలేదని ఆమె ఈనాటికీ అనదు.

హలో, మాకు సాయం కావాలి అని ఇంగ్లీషులో కేకేసింది. జవాబు లేదు, కదలిక లేదు. నాకు భయం వేయాలి. నిజం చెప్పొద్దూ, భయపడటానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. సుధ నా చెయ్యి పట్టుకుంది.

“పదండి. మీ తమ్ముడు అక్కడ తడిసి ఉన్నాడు.”

దాని వైపే నడిచాం. నాలుగు తుప్పలు దాటాక కాళ్ళ కింద గట్టి నేల తగిలింది. మట్టి రోడ్డు. ఎవరూ లేరు. తడి మట్టిలో అడుగులు చూశాను. మా ఇద్దరివే ఉన్నాయి.

రోడ్డమ్మట కారు దాకా పోయి, ఫోన్‌కి సిగ్నల్ అందే చోటికి నడిపి, కాపాడేవాళ్ళకి కబురు చేశాం. మంచు కాస్త పలచబడింది. చీకటి పడుతుండగా శీనుని స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. ఒళ్ళు చల్లబడిపోయింది గానీ బతికాడు.

వచ్చినవాళ్ళలో ఒకతను కంపాస్ చూశాడు. ముల్లు అడుక్కి అంటుకుని, డబ్బీ ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. దాన్ని నమ్ముకుని కుడికి కుడికి పోయుంటే కొండ అంచుకి చేరేవాళ్ళమట. సుధ నిలబడ్డ చోటికి అంచు ఎంతో దూరం లేదట. మనిషి సంగతి చెబితే, మంచులో మన నీడే మనకి అలా కనిపిస్తుందన్నాడు. అవునేమో. ఆరోజు ఎండ మాత్రం లేదు. నా చేతులు నెత్తి మీద లేవు, కంపాస్ మీద ఉన్నాయి.

శీనుకి చెబితే ఆసుపత్రి మంచం మీద నవ్వాడు. నీ మరదలి కంటే అదే నయం అక్కా, నిలబడ్డ చోట బుద్ధిగా నిలబడింది అన్నాడు. సుధ నవ్వలేదు.

చాలా రోజుల తర్వాత, అంట్లు తోముతూ సుధ ఒక్కసారి అడిగింది.

“అది మనకి దారి చూపించిందంటారా వదినా, లేక దాని ఏడుపులో అది మునిగి ఉందంటారా?”

ఇప్పటికీ చెప్పలేను. మాకైతే నెత్తిన చేతులంటే దారికి పెట్టుకున్న గుర్తు. కానీ ఆడమనిషి నెత్తిన చేతులు పెట్టుకుని అడవిలో ఊరికే ఎందుకు నిలబడుతుంది? మా వాడు మాకు దక్కాడు. దాని వాళ్ళు దానికి దక్కారో లేదో. మేం ఆగి, ఎవరమ్మా నువ్వు అని ఒక్క మాట అడగలేదు.

ఇంతే నాకు తెలిసింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. గడప దాటినవాళ్ళందరూ దీపాల వేళకి తిరిగొచ్చి మీ పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చోవాలి.