అమ్మ ముట్టని రొట్టె

మా క్రైస్తవ సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. ఆరాధన చివర్లో రొట్టె ముక్కల పళ్ళెం ఒకటి, ద్రాక్షరసం గిన్నెల పళ్ళెం ఒకటి వరుసల వెంట చేతులు మారుతూ వస్తాయి. మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే ముందు వెళ్ళి సమాధానపడాలి. పడకుండా ముట్టుకోకూడదు. మా పాస్టరు అయ్యగారు ప్రతిసారీ ఈ మాట చెప్తారు, అందరూ తలూపుతారు, పళ్ళెం రాగానే తీసుకుంటారు. నేనూ అంతే. మా అమ్మ మాత్రం ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. కరోనా రోజుల్లో దాదాపు ఏడాది పాటు, పళ్ళెం తన దాకా వచ్చినప్పుడల్లా ముట్టకుండా పక్కవాళ్ళకు అందించింది.

మేముండేది గోడాదరాలో, బతుకుదెరువుకు రాష్ట్రం దాటి వచ్చినవాళ్ళ మగ్గాల పేటలో. నాయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు టిక్కీలు, అదే మెరిసే చిన్న బిళ్ళలు, అతికించేది. నేను రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణంలో చేసేదాన్ని. మా కింది గదుల్లో ఉండే ఆమెది తెలంగాణలో మా వైపే, మా సంఘమే. అమ్మను అక్కా అని, నాయనను బావా అని పిలిచేది.

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలంలో నాయనకు జ్వరం పట్టుకుంది. దగ్గు మెట్ల మీదికి వినిపించేది. కింది ఆమె ఒకరోజు పొద్దున గడప అవతల నిలబడి, "బావకెట్లున్నదక్కా?" అని అడిగి, ఇంత కరివేపాకు తీసుకుని పోయింది. మధ్యాహ్నానికి కార్పొరేషన్ బండి వచ్చింది. ఫోన్ చేసింది తానేనని ఆమె దాచలేదు కూడా. నాయన ఇంట్లో కట్టుకున్న లుంగీతోనే మెట్లు దిగాడు. అమ్మను తలుపు దాటనివ్వలేదు. మళ్ళీ ఆయన్ని మేం చూడలేదు. ఆసుపత్రిలోనే పోయాడు, సమాధి కూడా కార్పొరేషన్ వాళ్ళే చేశారు. అయ్యగారు ఫోన్‌లో ప్రార్థన చేస్తుంటే మేం గదిలో గోడకానుకుని విన్నాం.

ఆమె చేసింది తప్పని నేను గట్టిగా చెప్పలేను. ఆమె ఇంట్లో మంచం పట్టిన అత్త, ఇద్దరు చిన్నపిల్లలు. అందరికీ అవే మెట్లు, అదే కుళాయి. నాయన ఇంట్లోనే ఉంటే బతికేవాడన్న భరోసా కూడా లేదు. ఇవన్నీ ఒకసారి అమ్మతో అన్నాను.

"నాకొక్క మాట చెప్పి చేస్తే ఏమైతుండె? మీ నాయన మొకం కడిగి, మంచి అంగి తొడిగి పంపుతుంటి గద" అంది.

నేను మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

మందిరం మళ్ళీ తెరిచేనాటికి చలికాలం వచ్చింది. మందిరమంటే సాంచాల కార్ఖానా మీద అద్దెకు తీసుకున్న హాలు. కింద మగ్గాలు ఆడుతుంటే మైకులో కూడా ప్రసంగం సగమే వినపడేది. అందరం మాస్కులు కట్టుకుని ఎడం ఎడంగా కూర్చున్నాం. ఆ రోజే అమ్మ మొదటిసారి పళ్ళెం పక్కకు జరిపింది. రెండు నెలలు అలాగే జరిగేసరికి ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. చెప్పుకోలేని పాపమేదో చేసి ఉంటుందన్నారు. నాకు ఒళ్ళు మండింది. నష్టపోయిన మనిషి వెనక్కి తగ్గి కూర్చుంటే, ఫోన్ చేసిన మనిషి ఏ ఇబ్బందీ లేకుండా తీసుకుంటోంది. ఇదేం న్యాయమని అడిగితే, "ఆమెది ఆమెకు తెలుసు, నాది నాకు తెలుసు" అంది అమ్మ.

కింది ఆమెకూ ఆ గుసగుసలు చేరాయి. ఓ సాయంత్రం పైకి వచ్చి, మా గడప దగ్గర కూలబడి ఏడ్చింది. "పిల్లల మీద భయంతోని చేసిన అక్కా. నన్ను క్షమించు" అంది. అమ్మ మంచినీళ్ళిచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకోమంది. అడిగిన ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేదు.

తర్వాత అయ్యగారు వచ్చారు. "క్షమించిన అని నోటితోనన్న అనుర్రి అమ్మా. మనసు మెల్లగ అదే వస్తది."

"దేవుడు నా నోరు చూస్తడా అయ్యగారూ?" అంది అమ్మ. ఆయన చాయ్ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు?

మరుసటి ఏడాది రెండోసారి జబ్బు విరుచుకుపడింది. మా వీధిలో అంబులెన్సు మోత ఆగేది కాదు. మందిరం మళ్ళీ మూసేశారు. అప్పటిదాకా అమ్మది మొండితనమే అనుకుంటున్నాను. ఒకరోజు టిక్కీలు అతికిస్తూ అతికిస్తూ చెయ్యి ఆపింది.

"నేను క్షమించకుంటే దేవుడు నన్ను క్షమించడు. గిట్లనే పోతే మీ నాయనున్న కాడికి నన్ను రానిస్తడా?"

అంతగా భయపడుతోందని అప్పుడే తెలిసింది. నాకు అమ్మకున్నంత విశ్వాసం లేదు. ఉండుంటే ధైర్యం చెప్పేదాన్ని. "గట్లేం కాదు లేమ్మా" అన్నాను. ఆ మాట నాకే చప్పగా వినిపించింది. అమ్మ రోజూ ప్రయత్నిస్తోందట. మోకాళ్ళ మీద కూర్చుని కింది ఆమె పేరు పలికి, అక్కడే ఆగిపోతోందట. మెట్లు దిగుతున్న నాయన వీపు గుర్తొస్తుందట.

వానాకాలం సగంలో హాలు తెరిచారు. ఆ నెల కింది గదుల ఆమె కావాలనే వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. పళ్ళెం ఆమె దగ్గరికి వచ్చింది. తాను తీసుకోకుండా అమ్మకిచ్చింది. అమ్మ తీసుకోకుండా నాకిచ్చింది. మరుసటి నెలా అంతే. అమ్మకు చిరాకెత్తింది.

"నీకేమైందే? నువ్వెందుకు తీస్కుంటలేవు?" అని మాస్కు చాటునే కసిరింది.

"నువ్వు బల్లకు బయట కూసుంటే నేనెట్ల తింట అక్కా? నువ్వు తీస్కున్నప్పుడే తీస్కుంట."

ఇంటికొచ్చాక అమ్మ ఒకటే గొణుగుడు. తన బరువు చాలదన్నట్టు ఇంకొకరి బరువు కూడా నెత్తికెత్తారని కోపం. ఆ నెలంతా అన్నం సరిగా తినలేదు. మళ్ళీ మొదటి ఆదివారం రాగానే నాకన్నా ముందే తయారై, హాలులో తానే వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

పళ్ళెం ఈసారి అమ్మ చేతికే ముందొచ్చింది. దాన్ని పక్కామె ముందు పట్టుకుంది.

"తీస్కో."

ఆమె తల పైకెత్తింది. "క్షమించినవా అక్కా?"

"లేదు. నాతోని అయితలేదు." ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ గొంతు తగ్గించలేదు. "అయినంక రావాలంటే నేనెన్నడు రావాలె? చాతకానోళ్ళకు కాకుంటే ఇంకెవలకు పెట్టిండు ప్రభువు ఈ బల్ల? తీస్కో. నేను గుడ తీస్కుంట. నాతోని కానిది ఆయననే చెయ్యనీ."

ఆమె ఒక ముక్క తీసుకుంది. అమ్మ తానొకటి తీసుకుని, పళ్ళెం నా చేతిలో పెట్టి, మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. రొట్టె నోట్లో పెట్టుకుంది కానీ నమలలేకపోయింది. నాయన పోయాక అమ్మ ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.