ఉక్కు రోలు

“...అంటే, ఆ ఇనుమంతా నేను మా ఇంటినుంచి మూటగట్టుకొచ్చి పోశాననా?”

“ఎవరు పోశారో నాకెందుకు బావగారూ? ఉందా లేదా చెప్పడమే నా పని.”

అరుస్తున్నవాడు కొలిమి మేస్త్రీ. జవాబిచ్చింది పరీక్షల గది చూసే అతని మరదలు. ముప్ఫై ఏళ్లుగా అతను ఇసుక, బొగ్గు కలిపి కాల్చి, సానరాళ్లకు పనికొచ్చే కార్బైడు గడ్డలు తీస్తున్నాడు. పక్క షెడ్డులో కొత్త యంత్రం అదే సరుకును వాయువులనుంచి నేరుగా పొడిగా రాలుస్తోంది. ఏది శుద్ధమో తేల్చమన్నాడు యజమాని. కొలిమి సరుకులో ఇనుము నాలుగింతలని ఆమె రాసిచ్చింది. శనివారం కొలిమి ఆర్పేస్తారు.

ఆమెను అందరూ మచ్చల మేడం అంటారు. కడిగిన గిన్నెను వెలుతురుకు పట్టి చూడందే ఇంట్లో అన్నం వడ్డించదు. ఆకలికి ఆగలేని మొగుడు వంట నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఇచ్చిన ఒక్క రిపోర్టూ ఆమె వెనక్కి తీసుకోలేదు.

మేస్త్రీ గొంతు తగ్గించాడు. “మా గడ్డల్ని దేంట్లో దంచుతావు?”

“రోట్లో.”

“దేంతో చేసిన రోలు?”

“ఉక్కు.”

“వాళ్ల పొడినో?”

“పొడిని దంచేదేముంది?”

“ఉక్కును కొరుక్కుతినే సరుకమ్మా నాది. నీ రోలొక లెక్కా? అడుగు తడిమి చూడు.”

ఆమె తడిమింది. వేలు గుంటలో దిగింది. బావగారిని బయటికి పంపి తలుపు వేసుకుంది. రెండు గడ్డల్ని మందపాటి సంచిలో వేసి, ఒకదానితో ఒకటి కొట్టి పొడి చేసింది. మూడుసార్లు పరీక్షించింది. ఇనుము కొత్త యంత్రం పొడిలో ఉన్నంతే ఉంది. కాలకుండా మిగిలిన బొగ్గు మాత్రం కొలిమి సరుకులోనే కాస్త ఎక్కువ. బావగారని చూడకుండా అదీ రాసింది.

కాగితం చదివి యజమాని నుదురు రుద్దుకున్నాడు. “సరే, కొలిమి ఆర్పను. మీ బావకు కావలసింది అదేగా? సరుకుతోపాటు కొన్నవాళ్లకు పంపిన పాత రిపోర్టుల ఊసెత్తకు. ఎవరూ అడగలేదు. ఎత్తితే పోయేది నీ పేరే.”

“కొలిమి సరుకును ఆ రోట్లో దంచి నేనిచ్చిన రిపోర్టులన్నీ రద్దు చేస్తున్నాను సార్,” అందామె. “కొన్నవాళ్లందరికీ సాయంత్రంలోగా నా సంతకంతో ఉత్తరాలు వెళ్తాయి.”