అవ్వ పేరు, మేక నెత్తురు

నా చిన్నప్పుడు మా పల్లెలో ఆడవాళ్లందరి వేళ్లకూ సూది గుచ్చిన ఘనత నాది. అప్పటికి నాకు పదేళ్లు. మూడో తరగతిలో బడి మానేసి మేకలు కాస్తున్నదాన్ని.

మాది కొత్తకోటకు నాలుగు మైళ్ల దూరంలో గొర్ల కాపర్ల పల్లె. పదిహేను రోజులకోసారి సైకిల్ మీద మలేరియా సారు వచ్చేవాడు. జ్వరం వచ్చినవాళ్ల వేలి కొస నుంచి ఒక నెత్తుటి చుక్క తీసి, గాజు పలక మీద పులిమి, మహబూబ్‌నగర్ దవాఖానకు పంపేవాడు. అక్కడ చూసి అది ఏ జ్వరమో తేలిస్తే మాత్రలు వచ్చేవి. మగవాళ్లు వేలు ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం పరాయి మగవాడి చేతిలో చెయ్యి పెట్టేది లేదని తలుపులు వేసుకునేవాళ్లు. ఒకరోజు ఆయన అట్లా మూసిన తలుపు ముందు నిలబడి తల గోక్కుంటుంటే నా నోరు ఊరుకోలేదు.

"నేను గుచ్చుత తియ్ సారూ. నువ్వు గోడ దిక్కు మొకం పెట్టి నిలవడు."

నవ్వులాటకు అన్నాను. ఆయన నిజంగానే నేర్పించాడు. సూదిని మందు దూదితో తుడవడం, చుక్కను పలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో పలచగా లాగడం, ఆరిన తర్వాత ఆ మరక మీదే పెన్సిల్‌తో పేరు రాయడం. అన్నిటికన్నా ఆ పెన్సిల్ పట్టుకోవడం నాకు ఇష్టం. బడి నన్ను వెతుక్కుంటూ మా వాకిట్లోకి వచ్చినట్టుండేది.

ఆ ఏడు అమ్మ, నాయిన గొర్లను మేతకు తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయారు. ఇంట్లో మా అవ్వ, నేను, నాలుగు మేకలు మిగిలాం. అప్పుడే అవ్వకు జ్వరం పట్టుకుంది. ఒకరోజు గొంగడి కింద మంచం కదిలేటట్టు వణికేది. మరునాడు లేచి జొన్న గటక వండేది. పోయిందిలే అనుకునేసరికి ఆ మరునాడు మళ్లీ వణుకు. సారు వచ్చాడు. సూది తీసుకొని అవ్వ ముందు కూర్చున్నాను. ఊరంతటి వేళ్లూ నెత్తురిచ్చాయి గానీ మా ఇంటి వేలు మాత్రం గొంగడిలోనుంచి బయటికి రాలేదు.

"నా కాడున్నదే గింత నెత్తురు. సర్కారుకెందుకే, కూర వండుకోనీకా?" అంది అవ్వ.

"ఒక్క చుక్కనే అవ్వా. చీమ కుట్టినట్టు ఉంటది."

"అయితే చీమను పిలువు, ఇస్త."

మాటలు నాకు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. బతిమాలాను, అలిగాను. లాభం లేదు. బయట సారు గోడ దిక్కు తిరిగి, నా మీద నమ్మకంతో నిలబడి ఉన్నాడు. ఊరందరినీ ఒప్పించిన పిల్ల సొంత అవ్వను ఒప్పించలేకపోయిందంటే నా పరువేం కావాలి? దొడ్డిదారిన కొట్టంలోకి పోయాను. నల్ల మేక చెవి పట్టుకొని సూది గుచ్చాను. అది అవ్వకంటే నయం, ఒక్క మాట అనలేదు. చుక్కను చక్కగా లాగి, ఆరబెట్టి, దాని మీద అవ్వ పేరు వంకర టింకరగా రాసి సారు చేతిలో పెట్టాను. ఎర్రగా ఉన్నదంతా ఒకటేనని నా లెక్క.

పదిహేను రోజులు గడిచేసరికి అవ్వ కళ్లు గుంటలు పడ్డాయి. నీళ్ల చెంబు ఎత్తడానికి కూడా చెయ్యి లేవలేదు. మళ్లీ వచ్చిన సారు ఒక కబురు తెచ్చాడు. నెత్తురు చూసే ఆయన ఆ పేరు గల మనిషిని, నెత్తురు తీసిన మనిషిని, ఇద్దరినీ తీసుకొని రమ్మన్నాడట.

ఎడ్లబండి మీద కొత్తకోట, అక్కడినుంచి బస్సులో మహబూబ్‌నగర్. దారి పొడుగునా అవ్వ తల నా ఒళ్లో ఉంది. ఒళ్లు కాలిపోతోంది. అవ్వ పోతే అమ్మానాయినలకు ఏమని చెప్పాలి, ఆ ఇంట్లో ఎవరి పక్కన పడుకోవాలి అనుకుంటూ అవ్వ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ పోయాను.

నెత్తురు చూసే ఆయన సన్నగా, తెల్ల కోటులో కొంగలా ఉన్నాడు. అవ్వను బయట బల్ల మీద పడుకోబెట్టించి, నన్ను లోపల ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, ఒక ఇత్తడి గొట్టంలోకి చూడమన్నాడు. ముందు నా కంటి రెప్పలే కనిపించాయి. తర్వాత వెలుగులో ఆవాలు పోసినట్టు సన్నని గింజలు. ఆ పలక తీసి, నా వేలి నుంచి ఒక చుక్క తీసి, ఏదో రంగు నీళ్లలో ముంచి, ఆరబెట్టి పెట్టాడు. ఈసారి గింజలు జొన్నలంత ఉన్నాయి.

"గీ జొన్నలు నువ్వు. మరి గా ఆవాలు ఎవరు?"

గొట్టం మీద నుంచి కన్ను తియ్యకుండానే, "మా నల్ల మేక" అన్నాను.

ఆయన తిట్టలేదు. "నేనూ గదే అనుకున్న. గీ ముసలామె పాలమూరు కంపలన్నీ మేసిందా ఏంది అని," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మేకకైతే ఏ రోగం లేదు బిడ్డా. ఆ దినం నేను జర తొందరల ఉండి సరింగ చూడకపోతే, మీ అవ్వకు ఏం లేదని రాసి పంపేటోన్ని" అన్నాడు.

అంతే అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వ దగ్గరికి తనే వచ్చి, మొదటి పలక దారిలో పగిలిందని, ఇంకో చుక్క కావాలని చెప్పాడు. అవ్వ నా ముఖం చూసి వేలు చాపింది. సూదిని దూదితో రెండుసార్లు తుడిచి నేనే గుచ్చాను. కాసేపటికి ఆయన నన్ను మళ్లీ గొట్టం దగ్గరికి పిలిచాడు. జొన్నల్లో అక్కడక్కడ రాయి పొదిగిన చిన్న చిన్న ఉంగరాలు. అవే జ్వరం అన్నాడు. నేను పరుగెత్తి అవ్వకు చెప్పాను.

"పెండ్లికి పెట్టలే గని, ఇప్పుడు పెట్టిండ్రా ఉంగరాలు?" అంది అవ్వ నీరసంగా. అవ్వ ఎగతాళి చేసిందంటే బతుకుతుందని నాకు నమ్మకం కుదిరింది. చేదు మాత్రలు మింగింది, బతికింది. ఇంకో పన్నెండేళ్లు నా మాటకు మాట బదులిచ్చింది.

వచ్చేముందు ఆ కొంగ సారు, మేక నెత్తురు పలకను కాగితంలో చుట్టి కిటికీ గూట్లో పెట్టుకున్నాడు. "పది చదివి రా. గీ గొట్టం కాడ కూసోబెడత. అప్పుడు నీ పలక నీకిస్త" అన్నాడు. తిరుగు బస్సులో నేను ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. నిద్రపోతోందనుకున్న అవ్వ కళ్లు తెరవకుండానే అడిగింది.

"మేక చెవికి పసుపన్న పెట్టినవానే?"

మందలో ఏ మేకకు ఏ గాటు పడిందో తెలియని కాపరి ఎక్కడుంటుంది? అవ్వకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ కొంగ సారు ముందు నన్ను పట్టివ్వలేదు.

పది కాదు కదా, నాలుగు కూడా చదవలేదు. మరుసటి ఏడు నన్నూ మంద వెంట తీసుకుపోయారు. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు. మహబూబ్‌నగర్ వెళ్లిన ప్రతిసారీ ఆ దవాఖాన ముందు నా కాళ్లు ఆగేవి. లోపలికి మాత్రం పోలేదు. ఉత్త చేతులతో పోయి ఏమని అడగను?

ఇప్పుడు చక్కెర రోగానికి మూడు నెలలకోసారి కొత్తకోటలో నెత్తురు ఇస్తున్నాను. తీసే పిల్ల నా మనవరాలి ఈడుది. గొట్టం ఏది బిడ్డా అని అడిగితే, అన్నీ మిషనే చూస్తుంది అవ్వా అంటుంది. సీసా మీద నా పేరు అంటించేటప్పుడు కళ్లజోడు పెట్టుకొని చదువుకుంటాను. పేరు నాదే, నెత్తురూ నాదే, మేకది కాదు అంటాను. ఆ పిల్ల నవ్వుతుంది. ముసలామె చాదస్తం అనుకుంటుంది కాబోలు.

జీవితంలో ఎందరినో ఆట పట్టించాను. ఒంట్లో బాగాలేని మనిషి సంగతిలో మాత్రం ఆ రోజు తర్వాత ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ గది ఇప్పుడు ఉందో లేదో తెలియదు. అయినా ఒక కిటికీ గూట్లో, కాగితం చుట్టలో, మా నల్ల మేక నెత్తురు మీద నేను వంకరగా రాసిన మా అవ్వ పేరు ఇంకా ఉందనే అనిపిస్తుంది. నేను పది చదివి వస్తానని ఎదురుచూస్తూ.