అమ్మ సమాధికి బాపు సున్నం వేసిన రోజు

మా చిన్నప్పుడు... ఈస్టర్ ముందురోజు సూరత్‌లోని మన తెలుగు క్రైస్తవులందరం బొందలగడ్డలోనే ఉండేవాళ్ళం. ఎండ మాడ్చేస్తున్నా సరే, గడ్డి పీకి సమాధులకు సున్నం వేయాల్సిందే. మర్నాడు తెల్లవారుజామున ఆరాధన అక్కడే మరి!

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మ జ్వరంతో పోయింది. ఆ ఏడు బాపు బొందలగడ్డకు రానన్నాడు. సాంచాల మీద బట్ట నేసే మనిషి, మాట్లాడడమే తక్కువ... ఆ రోజు మాత్రం నాయనమ్మ మీద అరిచాడు.

"సచ్చినోళ్ళు యాడ లేస్తరవ్వా? పోరికి గిసొంటి ముచ్చట్లు చెప్పకు."

అమ్మ మళ్ళీ లేస్తుందనే ధైర్యంతోనే కదా నేను ముద్ద మింగుతున్నది!

నాయనమ్మ తక్కువ తిన్నదా? కొంగు నడుముకు బిగించింది.

"ఏసయ్య లేచిండని మొదలు చెప్పింది ఆడోళ్ళు. గా కాలంల ఆడోళ్ళ సాక్ష్యం ఎవడు నమ్మిండు? అబద్ధం అల్లేటోళ్ళైతే ఎవరన్న పెద్దమనిషి పేరు చెప్తుండె గదరా! భయపడి ఉరికిన శిష్యులు మల్లొచ్చి, తన్నులు తిన్నా మాట మార్చలే. ఉత్త ముచ్చటకు ఎవడన్న పాణం ఇస్తడా?"

"మరి అమ్మ మట్టిల కలిసిపోతే ఎట్ల లేస్తది?" ఏడుపు ఆపుకుంటూ నేనే అడిగేశాను.

"మట్టితోని చేసినోడే బిడ్డా... మల్ల చేసుడు ఆయనకు కష్టమా?"

బాపు ఊరుకోలేదు. "లేపేటోడైతే నా పెండ్లాన్ని ఇప్పుడే లేపకపాయెనా?" అన్నాడు.

నాయనమ్మ మెత్తబడింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"సేటు బయానా ఇచ్చినంక మాల్ ఇడిసిపెడ్తడారా? ఏసయ్యను లేపి దేవుడు మనకు బయానా ఇచ్చిండు కొడకా. మిగిలినోళ్ళ కోసం తప్పకొస్తడు. ఎప్పుడంటే నాకు తెల్వది."

బాపు లేచి సున్నం బక్కెట్టు అందుకుని బొందలగడ్డకు నడిచాడు. అమ్మ సమాధికి మొత్తం ఆయనే వేశాడు, ఆరాక మళ్ళీ ఇంకోసారి. మర్నాడు ఆరాధనలో పాట పాడలేదు గానీ, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు... చాలా కుటుంబాలు ఊరి బయట కామ్‌రేజ్ వైపు వెళ్ళిపోయాయి. ఈస్టర్ ఆరాధన ఫోన్‌లో చూసేస్తున్నారు. గడ్డి మోకాలెత్తు పెరిగిపోతోంది. నాయనమ్మ, బాపు కూడా అమ్మ పక్కకే చేరారు... నేను మాత్రం ఏటా వెళ్తున్నాను. "ఈ ఎండలో ఎందుకమ్మా" అని పిల్లలు విసుక్కుంటారు. ఎందుకేమిటి? మా అమ్మను నేను మళ్ళీ చూస్తాను. ఇందులో నాకు రెండో మాట లేదు.

మీకు ఈ నమ్మకం నేర్పిన మనిషి ఎవరు? ఏమని చెప్పారు? పేరైనా రాయండి... అందరూ లేచే ఆ రోజు వాళ్ళనూ పలకరించాలి కదా!