బోర్డు కంఠతా వచ్చిన కళ్ళు

కళ్ళజోళ్ళ షాపాయన్ని వీధిలో అందరూ ఆరుబైఆరు అంటారు. చూపులో ఏ లోపమూ లేదని చెప్పటానికి చీటీ మీద వేసే అంకె అది. యాభై ఏడేళ్ళొచ్చినా దూరపు చూపుకి జోడు పెట్టని మనిషి ఆయన. దగ్గరగా చదవటానికి ఒకటి జేబులో ఉందనుకోండి, అది లెక్కలోకి రాదని ఆయన వాదన. నలభై దాటిన ప్రతివాడికీ అది చేతిగడియారం లాంటిదట.

ఏటా పుట్టినరోజు పొద్దున షాపు తెరవగానే అక్షరాల బోర్డుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడతాడు. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, అట్టడుగు వరుస గడగడా చదివేస్తాడు. తన పేరున తనే చీటీ రాసి, తనే సంతకం పెట్టి, డ్రాయరులో దాచుకుంటాడు. ముప్ఫై ఒక్క చీటీలు పోగయ్యాయి. అన్నింట్లోనూ ఒకటే అంకె. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్క మార్కు కూడా తగ్గని విద్యార్థిని మీరెక్కడైనా చూశారా? చూడరు. ప్రశ్నపత్రం కూడా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకటే కావటం వల్ల వచ్చిన ఘనత అది.

షాపు నిజానికి మామగారిది. రైలుపెట్టెలా పొడవుగా, ఇరుగ్గా ఉంటుంది. ముందు ఫ్రేముల కౌంటరు, మధ్యలో పరీక్ష కుర్చీ, చివర అద్దాలు అరగదీసే చక్రం. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆ చక్రం దగ్గర పనికి చేరాడు. రెండేళ్ళు తిరక్కుండా ఓనరు గారి అల్లుడయ్యాడు. ముందు పని నేర్చుకున్నాడా, ముందు మనసు పడ్డాడా అని అడిగితే భార్య ఇప్పటికీ జవాబు చెప్పదు. కౌంటరు వెనక నుంచి ఒక ఫ్రేము తీసి, "ఇది మీ మొహానికి బాగుంటుంది" అంటుంది.

ఆయన చేతిపనికి వంక పెట్టలేం. అద్దం అంచును వేలితో తడిమి పవరు చెప్పగలడు. మనిషి గుమ్మంలో తల పైకెత్తి చూస్తుంటే, వచ్చి కూర్చునే లోపే ఏ అద్దం కావాలో చేతిలోకి తీసుకుంటాడు. చిక్కల్లా అక్కడే ఉంది. పరీక్ష కుర్చీలో కూర్చున్నవాళ్ళని "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగటం ఆ వృత్తి ధర్మం. ఆయనా అడుగుతాడు. కానీ వాళ్ళు నోరు తెరిచే లోపు, "రెండోదే" అని తనే చెప్పేసి రాసేసుకుంటాడు. కొత్త జోడు పెట్టుకుని తల తిరుగుతోందని ఎవరైనా వెనక్కి వస్తే, "అలవాటవుతుంది" అంటాడు. చాలామందికి అలవాటయ్యేది కూడా.

ఇలాంటి మనిషికి దేవుడు ప్రశ్నలు తప్ప మరో కాలక్షేపం లేని అత్తగారిని ఇచ్చాడు. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చి, పరీక్ష కుర్చీ పక్కనున్న స్టూలు మీద కూర్చుంటుంది. షాపు మొగుడిది, అల్లుడు తను పిల్లనిచ్చినవాడు కాబట్టి లేవమనే ధైర్యం ఎవరికీ లేదు.

"అల్లుడుగారూ, అద్దం అరిగిపోతుంది కదా, ఆ అరిగిన ముక్క ఎక్కడికి పోతుంది?"

"నీళ్ళలో కలిసిపోతుంది అత్తయ్యగారూ."

"మరి ఆ నీళ్ళలోంచి చూస్తే పెద్దగా కనిపిస్తుందా?"

"కనిపించదండీ."

"చూశారా?"

చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ బురద నీళ్ళలోకి తొంగిచూడాలని ఆయనకు తోచలేదు. "అదంతే లెండి" అని చక్రం స్విచ్చి వేశాడు. ఆ చప్పుడులో ఏ ప్రశ్నా వినపడదు.

ఆ మధ్యాహ్నం దర్జీ ఆవిడ వచ్చింది. పక్కవీధిలో రెండు మిషన్లు పెట్టుకుని చొక్కాలూ పరికిణీలూ కుట్టే మనిషి. అదే జోడుతో రావటం మూడోసారి. ఆవిడ జోడు తీసి కౌంటరు మీద పెట్టిన తీరులోనే, ఈసారి తేల్చుకునే వెళ్తానని ఉంది.

"మాస్టారూ, తిన్నగా కుడుతున్నాననుకుంటానండీ. గుడ్డ తీసి చూస్తే కుట్టు వాలిపోయి ఉంటోంది. మొన్న ఒకాయన చొక్కా జేబు వాలింది. పెన్ను పెడితే జారి పడిపోతోందట."

"అలవాటవుతుందమ్మా."

"నెలన్నరైందండీ."

"ఇంకో పదిరోజులు చూడండి."

"నాకు అలవాటైతే సరే. ఆ చొక్కాయనకి అవద్దా?"

కౌంటరు దగ్గర భార్య నవ్వు ఆపుకోవటానికి ఫ్రేములు తుడవటం మొదలుపెట్టింది. ఆరుబైఆరు మొహం ముడుచుకున్నాడు. "జోడులో తప్పుండే అవకాశం లేదమ్మా. అద్దం కోణం మిషన్ మీద నేనే స్వయంగా చూసి గుర్తు పెట్టాను."

అప్పుడు స్టూలు మీంచి అత్తగారు ఏ దురుద్దేశమూ లేకుండా అడిగింది. "అల్లుడుగారూ, అందరి కళ్ళూ మీరు చూస్తారు. మీ కళ్ళు ఎవరు చూస్తారు?"

"నేనే చూసుకుంటానండీ."

"ఎలాగ?"

"ఎలాగేముంది, ఆ బోర్డు చదివి."

"ఆ బోర్డు మీకు నోటికొచ్చు కదా?"

ఆయన నవ్వాడు. చిన్నపిల్లలు అడిగే మాటకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. "చదివి చూపిస్తానుండండి" అని లేచి, కన్ను మూసుకునే నల్లగరిటె కోసం వెనక బల్ల దగ్గరకు వెళ్ళాడు. అది వెతికి వచ్చేసరికి అత్తగారు మళ్ళీ స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది.

బోర్డుకు ఇరవై అడుగుల దూరంలో నేల మీద గీసిన గీత దగ్గర నిలబడ్డాడు. ఎడమకన్ను మూశాడు. "పై వరుసలతో మనకేం పని?" అని తిన్నగా అట్టడుగు వరుసకు దిగి, ఎనిమిది అక్షరాలు ఒక్క గుక్కలో చదివేశాడు. తిరిగి అదే వరుస వెనక నుంచి ముందుకు కూడా చదివాడు. అది అడగకుండానే ఇచ్చిన కానుక.

భార్య చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"మాస్టారూ," అంది దర్జీ ఆవిడ మెల్లిగా, "అక్కడ అక్షరాలు లేవండీ."

గరిటె తీసి ఎడమకంటితో చూశాడు. బోర్డు తిరగేసి ఉంది. అది చదువురానివాళ్ళ కోసం ఉంచిన వెనకవైపు. దాని మీద పైకీ కిందకీ పక్కలకీ తిరిగిన మూడుకాళ్ళ బల్లల్లాంటి గుర్తులు తప్ప అక్షరమనేదే లేదు.

"నేనే తిప్పానండీ," అంది అత్తగారు. "ఊరికే, తెలుసుకుందామని."

"నేనిప్పుడు జ్ఞాపకశక్తి చూసుకుంటున్నాను," అన్నాడాయన. అంతకంటే మంచి అబద్ధం అప్పటికప్పుడు దొరకలేదు పాపం.

"జ్ఞాపకశక్తికి ఆరుబైఆరు సరేనండీ," అంది భార్య. "కంటి సంగతేమిటి?"

ఆయన వెనక్కి వెళ్ళి చక్రం దగ్గర కూలబడ్డాడు. సంగతి ఆయనకు తెలియక కాదు. ఏడాదిగా దీపాల చుట్టూ పొగలాంటి గుండ్రాలు కనిపిస్తుంటే, బల్బులు నాసిరకమని మూడుసార్లు మార్పించాడు. అద్దాల కోణం చూసే మిషన్ మసకేసిందని కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశాడు. అవే మాటలు వేరేవాళ్ళు చెప్పుంటే, పూర్తి కాకముందే శుక్లమని తేల్చి ఆసుపత్రికి చీటీ రాసిచ్చేవాడు. తన విషయంలో మాత్రం ఊళ్ళో కరెంటు మీదా, కంపెనీ మీదా అనుమానపడ్డాడు. ఆ మిషన్‌లోకి ఆయన చూసేది కుడికంటితో. ఏడాదిగా పెట్టిన గుర్తులన్నీ ఆ కంటితో పెట్టినవే. ఇప్పుడీ కన్ను పోయిందని ఒప్పుకుంటే చేతిలో పని పోతుంది. పని పోతే తను కూడా మూడింటికి వచ్చి, ఇంకో స్టూలు వేసుకుని, అత్తగారి పక్కన కూర్చోవాల్సిందే.

దర్జీ ఆవిడ జోడు సంచిలో వేసుకుంది. "పోనీలెండి మాస్టారూ. పెద్దబజారులో చూపించుకుంటాను." ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆయన వెళ్ళనిచ్చేవాడేమో. జాలి ఉంది.

"ఆగమ్మా," అన్నాడు. లేచి వచ్చి జోడు కోసం చెయ్యి చాచాడు. "గీతలు... ఎటు వాలుతున్నాయి?"

ఆవిడ తెల్లబోయింది. ఈ షాపులో తనను ఒకటి అడిగి, జవాబు కోసం ఆగటం ఇదే మొదలు. "కుడివైపుకండీ. కుడికంటికే. ఆ తలుపు చూస్తే పైన ఎవరో పట్టుకుని లాగినట్టుంటుంది."

కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేములో అద్దం వేసి, అద్దాన్ని తిప్పే చెవి దగ్గరి మర పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో వేళ్ళకు తెలుసు. ఎక్కడ ఆపాలో మాత్రం ఆవిడకే తెలుసు. "రెండోదే" అన్న మాట నాలుక చివరిదాకా రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మింగాడు.

"ఇక్కడండీ. ఇప్పుడు తలుపు నిలబడింది."

పాత అద్దాన్ని మిషన్ కింద పెట్టి, ఈసారి ఎడమకంటితో చూడబోయాడు. కుడికంటికి వీలుగా బిగించుకున్న మిషన్ అది. ముక్కు వెళ్ళి మర మీద కొట్టుకుంది. మెడ తిప్పి, నోరు వంకర పెట్టి, ఎలాగో చూశాడు. పద్దెనిమిది డిగ్రీల తేడా. ఆయన వృత్తిలో రెండు డిగ్రీలు పొరపాటు, ఐదు తప్పు. పద్దెనిమిదికి పేరు పెట్టలేదు, అంతదాకా ఎవరూ పోరని.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు.

భార్య వెంటనే కౌంటరు మీంచి చూసింది, ఇంకెవరైనా వచ్చి మాట్లాడారేమోనని.

ఆ సాయంత్రం నుంచి భార్యాభర్తలు కూర్చుని, ఏడాదిగా జోళ్ళు తీసుకున్నవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. వచ్చినవాటిలో తొమ్మిది తప్పుగా తేలాయి. ఒకాయన మాత్రం తెచ్చి ఇవ్వనన్నాడు. ఆ జోడు తనకు పనికిరాకపోతే వాళ్ళావిడ పెట్టుకుందట, ఆవిడకి లోకం ఎన్నడూ ఇంత బాగా కనపడలేదట.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళారు. కూతురి వయసు డాక్టరమ్మ తెర మీద అంకెలు వేసింది. ఒక్కో నొక్కుకి ఒక్కో వరుస మారుతోంది.

"ఏ క్రమంలో వస్తాయండీ ఇవి?" అన్నాడు మర్యాదగా.

"నాకూ తెలీదండీ. దానిష్టం. చదవండి."

"తెలీదు," అన్నాడు. తర్వాతి వరుసకూ అదే మాట. నాలుగోసారికి ఆ మాట ఎంత హాయిగా వచ్చిందంటే, కనిపిస్తున్న వరుసకు కూడా అలవోకగా తెలీదనేసి, డాక్టరమ్మ చేత చివాట్లు తిన్నాడు.

"పనికి పనికొస్తానా?" అని అడిగాడు లేచేటప్పుడు. అడగాలనుకున్నది అదొక్కటే.

"శుక్లమేగా. నెలలో మీ మిషన్ దగ్గర కూర్చోవచ్చు. ఎడమది కూడా మొదలైంది, వచ్చే ఏడు చూద్దాం."

కుడికంటికి ఆపరేషనైన పదోరోజు షాపుకొచ్చాడు. బోర్డు జోలికి వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న గోడ చూసి నిలబడిపోయాడు. ఎడమకన్ను మూస్తే గోడ నీలం కలిసిన తెలుపు. కుడికన్ను మూస్తే పాత కాగితం రంగు. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఒకటే గోడ, రెండు రంగులు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కళ్ళతో బతికిన మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"అత్తయ్యగారూ, మీకు ఆపరేషనైనప్పుడు గోడలు నీలంగా కనిపించాయా?"

"కనిపించాయి కదా! ఆకాశమైతే ఎవరో ఉతికి ఆరేసినట్టుండేది."

"నాకు చెప్పలేదేం?"

"మీరు చక్రం వేసి ఉంటారు."

ఆయన స్టూలు పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మరి ఏది అసలు తెలుపంటారు? ఇదా, అదా?"

"నన్నడుగుతారేమిటి అల్లుడుగారూ! నాకు రెండు కళ్ళూ ఒకే నెలలో చేసేశారు. పోల్చి చూసుకోవటానికి పాత కన్ను మిగల్లేదు. మీకింకా ఏడాదుంది. బాగా చూసి పెట్టుకోండి."

ఆయన పనిలో పడ్డాడు. గోడ వైపు ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను. అప్పుడే ఒక కొత్త ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఆయన కన్ను గీటాడు. ఆవిడ ఆగింది. రెండో కన్ను గీటాడు. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది.

భార్య కౌంటరు దాటి పరుగెత్తింది. "అమ్మా, అమ్మా, రండి! మీరనుకునేది కాదు. మా ఆయన గోడని చూస్తున్నారు."