పిడికిలి బిగించమ్మా

నందిగామ ఆస్పత్రిలో డ్రెస్సరుగా ఆశీర్వాదానిది పద్దెనిమిదేళ్ల సర్వీసు. చేతికి దెబ్బ తగిలి ఎవరొచ్చినా, కట్టు కట్టబోయే ముందు "పిడికిలి బిగించు" అనేవాడు. వేలు ముడుచుకోకపోతే లోపల నరం తెగినట్టే. చేతి ఆపరేషన్లలో పేరున్న అక్కడి శేషాద్రి డాక్టరుగారు నేర్పిన విద్య అది. నాలుగు రోజుల్లో కుట్టకపోతే ఆ వేలు ఇక పనికిరాదని ఆయన నూరిపోశారు కూడా.

ఎనభై ఒకటిలో కళ్లకలక వచ్చిపడింది. దేశదేశాలు తిరిగొచ్చిన జబ్బు, మన ఊరిని మాత్రం వదులుతుందా. డాక్టరుగారికి వచ్చింది, నర్సులకు వచ్చింది, ఆపరేషన్ గదికి తాళం పడింది. నరం తెగిన కేసుల్ని బెజవాడ పంపమని డాక్టరుగారు ఇంటినుంచి కబురుపెట్టారు. కలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే మనకూ అంటుకుంటుందని ఊరంతా నమ్మింది. అన్నేళ్లు ఆస్పత్రిలో పనిచేసిన ఆశీర్వాదమూ నమ్మాడు, అదీ విడ్డూరం.

ఆ రోజుల్లోనే చందర్లపాడునుంచి పుష్పవతి వచ్చింది. గేదెకు గడ్డి కోస్తుంటే కొడవలి ఎడమ అరచేతిలో దిగింది. కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆశీర్వాదం మొహం గోడవైపు తిప్పుకుని, గబగబా కడిగి, మందు పెట్టి కట్టేశాడు. కలక తగ్గేదాకా ఇటు రావొద్దన్నాడు. పిడికిలి మాట మాత్రం అతని నోట రాలేదు. పైగా ఆస్పత్రి మొత్తంలో కలక అంటనిది తనొక్కడికేనని నెల్లాళ్లు గొప్పలు చెప్పుకున్నాడు, సిగ్గులేకుండా.

రెండు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది. గాయం శుభ్రంగా మానింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం కర్రల్లా ఉండిపోయాయి.

"నరం లోపలికి లాగేసుకుందమ్మా. ఇక కుట్టడానికి అందదు" అన్నారు డాక్టరుగారు. కట్టు ఎవరు కట్టారని అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండునని ఆశీర్వాదానికి అనిపించింది.

వరండాలో ఆమెను ఆపాడు. "పాలు పితకగలుగుతున్నావా?"

"పట్టు చాలట్లేదండి. గేదెని అమ్మేద్దామంటన్నారు ఇంట్లో."

"తప్పు నాదమ్మా. పిడికిలి బిగించమని అడగాల్సింది. నీ కళ్లు చూసి భయపడి మొహం తిప్పేసుకున్నా."



"మీరు తిప్పుకున్నారని నాకు తెలీదండి. నేనూ మొహం పక్కకి తిప్పుకునే కూర్చున్నా కదా, పదిమందికి కట్లు కట్టే మనిషి, మీకు అంటకూడదని. వేళ్లు కదలట్లేదని అప్పుడే తెలిసింది. చెబుదామంటే మీవైపు తిరగాలని ఊరుకున్నా."

ఆమె కళ్లు ఇప్పుడు తెల్లగానే ఉన్నాయి. ఆశీర్వాదం వాటిలోకి చూడలేకపోయాడు.